సిగ్నల్ అందని చోటు

రెండువేల ఆరు, ఎండాకాలం మధ్యాహ్నం. అమీర్‌పేట మెయిన్ రోడ్డు మీద ఒక సెల్ కంపెనీ సర్వీస్ సెంటర్. మూల సోఫాలో ఇద్దరు కూర్చుని ఉన్నారు. సర్వే కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నది సుమశ్రీ, ఎమ్మే సైకాలజీ చదువుతున్న పిల్ల. టోకెన్ చీటీ పట్టుకున్నావిడ నాగేశ్వరి, ఎస్.ఆర్. నగర్‌లో ఓ అమ్మాయిల హాస్టల్లో వంట చేస్తుంది.

"అయిదు వేసుకోండమ్మా."

"నేనింకా ప్రశ్న అడగలేదండీ."

"ఏదడిగినా అయిదే కదా. అయిదంటే చాలా బావుందనేగా?"

"అవుననుకోండి. కానీ నేను అడగాలి, మీరు విని, ఆలోచించి చెప్పాలి. నాగేశ్వరి అన్నారు కదా మీ పేరు? చూడండి నాగేశ్వరి గారూ, మీ సెల్ కంపెనీ సేవలతో మీరు ఎంత తృప్తిగా ఉన్నారు? అస్సలు లేకపోతే ఒకటి, పూర్తిగా ఉంటే అయిదు."

"అయిదు."

"సిగ్నల్?"

"అయిదు."

"ఏదీ, మీ ఫోన్ ఒకసారి ఇలా ఇవ్వండి. ఇందులో ఒక్క గీత కూడా లేదండీ!"

"లేదమ్మా."

"మరి అయిదేంటి?"

"బావుందనిపించింది. చెప్పాను."

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"మాఘమాసం నుంచి అనుకుంటా. హాస్టల్ డాబా ఎక్కితే ఒక్కోసారి ఓ గీత వస్తుందంటారు పిల్లలు. నేను ఎక్కను."

"మాఘమాసం నుంచా! మరి ఇక్కడికి వచ్చి చెప్పలేదా?"

"చెప్పకేం? వారం వారం వస్తాను."

"వచ్చి?"

"టోకెన్ తీసుకుంటాను. కూర్చుంటాను. ఏసీ చల్లగా ఉంటుంది. కాసేపటికి పిలిచి, సిస్టం డౌన్ అమ్మా, రేపు రండి అంటారు. వెళ్ళిపోతాను."

"మీకు ఒళ్ళు మండదా?"

"ఎందుకమ్మా? ఆ కౌంటర్ అబ్బాయి బాగా మాట్లాడతాడు. ఎండనబడి వచ్చారు, మంచినీళ్ళు తాగండి అంటాడు. ఈ రోజుల్లో అంతకంటే ఏం చేస్తారు ఎవరైనా?"

"రాసుకుంటాను లెండి. 'ఈ కంపెనీ సిమ్ తీసుకోమని తెలిసినవాళ్ళకి చెప్తారా?'"

"చెప్పాను కూడా. మా తోటికోడలికి ఇదే ఇప్పించాను."

"మీ ఫోన్ ఇలా ఉంటేనా?"

"తనదీ అంతే. ఎర్రగడ్డలో వాళ్ళుండే సందులో అసలు అందదు. పాపం, ఎంత సంతోషపడిందో."

"మీరు… సరే. రెండో భాగం. ఇది మీ స్వభావం గురించి. నేను ఒక్కో వాక్యం చదువుతాను, అది మీకు ఎంత వర్తిస్తుందో చెప్పండి. 'నేను ఎవరితోనూ గొడవ పడను.'"

"అయిదు."

"'ఎదుటివాళ్ళని నొప్పించకుండా మాట్లాడతాను.'"

"అయిదే."

"'చిన్న చిన్న విషయాలకి కంగారు పడతాను.'"

"ఇది ఎప్పటి సంగతి అడుగుతున్నారు? పెళ్ళికి ముందా, తర్వాతా?"

"అలా ఏం ఉండదండీ. మామూలుగా మీరు ఎలాంటి మనిషి అని. స్వభావం అంటే మారేది కాదు కదా."

"మారదా?"

"పుస్తకాల్లో అయితే పెద్దగా మారదనే ఉంటుంది."

"మా కాకినాడలో, జగన్నాథపురం కుళాయి దగ్గర, నా బిందె తీసి తన బిందె పెట్టే మొనగాడు ఉండేవాడు కాదమ్మా. గయ్యాళి నాగేశ్వరి అనేవారు నన్ను."

"మిమ్మల్నా!"

"నవ్వొస్తోందా?"

"నవ్వు కాదండీ, నమ్మలేకపోతున్నాను. మరి ఏమైంది?"

"ఏమవుతుంది? పెళ్ళయింది. మీ కాగితంలో దానికేమన్నా గడి ఉందా?"

"లేదండీ."

"అయితే అయిదు వేసేసుకోండి. ఎండలో తిరుగుతున్నారు, పాపం ఈ కాగితాలు పట్టుకుని. ఇదంతా దేనికమ్మా?"

"థీసిస్‌కి. ఎలాంటి స్వభావం ఉన్నవాళ్ళు సెల్ కంపెనీలతో తృప్తిగా ఉంటారు, ఎలాంటివాళ్ళు ఉండరు అని. ఇప్పటిదాకా చూసిందాన్ని బట్టి, కంగారు మనిషి అన్ని గీతలూ ఉన్నా ఒకటే వేస్తాడు. మెతక మనిషి ఫోన్ చచ్చిపోయినా అయిదు వేస్తాడు. కంపెనీ ఏం చేసిందన్నది అసలు లెక్కలోకే రావట్లేదు. మీరు మెతక మనుషుల్లోకి వస్తారు."

"మెతక. బావుంది మాట."

"అదుగో, చూడండి ఆ కౌంటర్ దగ్గర ఆయన్ని."

"ఏయ్! మేనేజర్ ఎవడ్రా ఈడ? నా కాలర్ ట్యూన్ ఎవడు మార్చిండు? బాస్ ఫోన్ చేస్తే డిస్కో పాట వస్తుంది! కన్జ్యూమర్ కోర్టుకు గుంజుత ఒక్కొక్కన్ని!"

"సార్, సార్! కూర్చోండి సార్. జర ఠండా కాండ్రి. చాయ్ తెప్పిస్త. రెండు నిమిషాల్ల చేసిస్త సార్."

"చూశారా? టోకెన్ కూడా తీసుకోలేదు అతను. మీ ముందు నుంచే వెళ్ళాడు. అప్పుడే అయిపోయింది, వెళ్ళిపోతున్నాడు కూడా."

"తొందరేమో లెండి పాపం."

"మీరు కూర్చోండి. నేనిప్పుడే వస్తాను."

"ఎక్కడికమ్మా? వద్దు. అమ్మా, ఇదిగో…"

*

కౌంటర్ దగ్గర సుమశ్రీ, కౌంటర్ అబ్బాయి అజీమ్.

"మీ పేరు అజీమ్ కదా? బ్యాడ్జి మీద ఉంది."

"హా మేడం. సర్వే అయిపోయిందా?"

"ఆ సోఫాలో కూర్చున్నావిడ ఫోన్ నెలల తరబడి పనిచేయట్లేదు. మీకు తెలుసా?"

"గా హాస్టల్ అమ్మనా? మస్తు మంచిది మేడం. ఎప్పుడొచ్చినా నవ్వుకుంట పోతది. ఒక్క మాట అనదు."

"నేనడిగింది ఆవిడ మంచితనం గురించి కాదు. ఆ ఫోన్‌కి ఏమైంది?"

"ఏం లేదు మేడం, సిమ్ పాతగైంది. కొత్తది ఏస్తే మంచిగైతది."

"ఎంతసేపు పడుతుంది?"

"ఎంతసేపంటే… చాయ్ తాగినంత సేపు."

"మరి వారం వారం సిస్టం డౌన్ అని ఎందుకు తిప్పుతున్నారు?"

"జర మెల్లగ మాట్లాడండి మేడం. పబ్లిక్ ఉన్నరు. పొద్దుగాల్నుంచి రష్ చూస్తున్నరు కదా, ఒక్కన్ని ఎందర్ని చూడాలె? అరిచేటోళ్ళ పని ముందు చెయ్యమని పైకెళ్ళి ఆర్డర్. అరిచేటోడు పేపర్లకు రాస్తడు, లేకుంటే వేరే కంపెనీకి పోతడు. గా అమ్మ ఎక్కడికి పోతది?"

"అందుకని?"

"నోరు లేనోళ్ళకు సిస్టం డౌనే ఉంటది మేడం."

"ఛీ! చెప్పడానికి సిగ్గు లేదూ?"

"నన్ను ఛీ అంటే ఏమొస్తది? మీ సర్వే సుత గందుకే కదా."

"నా సర్వేకి దీనికి ఏం సంబంధం?"

"మీకు తెల్వదా? నిజంగ తెల్వదా? పంజాగుట్ట హెడ్డాఫీసుల మీటింగ్ అయింది మేడం. ఏ తీరు మనిషి అడ్జస్టయితడు, ఏ తీరు మనిషి కొట్లాడతడు, యూనివర్సిటీ పిల్ల లెక్క తీసిస్తది అన్నరు. అడ్జస్టయ్యేటోళ్ళ కంప్లైంట్లు అన్నిటికంటే ఆఖర్ల పెట్టొచ్చంట. స్టాఫ్ తక్కువ సరిపోతరంట."

"అబద్ధం. మీ హెడ్డాఫీసు మేనేజర్ రఘురామ్ గారే నాకు పర్మిషన్ ఇచ్చింది. కస్టమర్లని అర్థం చేసుకోవడానికి అన్నారు ఆయన."

"మరి అర్థం చేసుకునుడంటే గదే కదా మేడం."

"అది నా థీసిస్, అజీమ్ గారూ!"

"మంచిగ రాయండి. పాసయితరు."

"నేను ఒక్కొక్కళ్ళ దగ్గరా కూర్చుని, నవ్వుతూ, మీరు మంచివాళ్ళేనా, మెతకవాళ్ళేనా అని అడిగి, ఎవర్ని తొక్కొచ్చో మీకు రాసిస్తున్నానా?"

"మేడం, నేను చిన్నోన్ని. నాకు సుత నచ్చదు. జీతం కోసం చేస్తున్న."

"ఆవిడ సిమ్ ఇప్పుడే మార్చండి."

"సాయంత్రం…"

"ఇప్పుడే. అరిచేవాళ్ళ పనేగా ముందు చేసేది? నాకు అరవడం బాగా వచ్చు. మొదలెట్టనా?"

"అరెరె, వద్దు మేడం, వద్దు. తోల్కరండి ఆమెను."

*

మళ్ళీ సోఫా దగ్గర.

"లేవండి ఆంటీ. మీ పని అయిపోతుంది."

"నా నంబరు ఇంకా పిలవలేదమ్మా."

"పిలవరు. జన్మలో పిలవరు. లేవండి."

"అయ్యో, నా కోసం గొడవ పడ్డారా ఏమిటి? వాళ్ళు రేపు రమ్మంటే రేపు వస్తాను. నాకేం ఇబ్బంది లేదు."

"అదే ఆంటీ నాకు ఒళ్ళు మండేది! మీలాంటి వాళ్ళని చూస్తే నాకు జాలి రాదు, రోత పుడుతుంది. తన్నించుకుని కూడా బావుంది బావుంది అంటూ ఉంటే, తన్నేవాడు ఎందుకు మానేస్తాడు చెప్పండి?"

"పెద్ద మాట అన్నావమ్మా."

"సారీ ఆంటీ. కోపంలో వచ్చేసింది. కానీ…"

"కోపం మంచిదే. అబద్ధమేం అనలేదు నువ్వు. నేను వెళ్తాను. హాస్టల్లో పప్పు నానబెట్టి వచ్చాను."

"పప్పు నానుతుంది. ఆ ఫోన్ ఇలా ఇవ్వండి."

"వద్దు తల్లీ."

"ఇవ్వండి. భయపడకండి. నేనున్నాను కదా."

"నువ్వుంటావు. ఇక్కడ ఉంటావు."

"అంటే?"

"ఏం లేదు. తీసుకో."

"అజీమ్ గారూ, ఇదిగోండి."

"రామ్మా, కూర్చో. సిమ్ ఎవరి పేరు మీదున్నది?"

"మా వారి పేరు మీద బాబూ. ఆయన సంతకం కావాలిగా? ఆయన లేకుండా మార్చకూడదుగా?"

"రూల్ అయితే గదే. గానీ ఎప్పటికెళ్ళో వస్తున్నవు, నిన్ను ఎరుగనా? చేసేస్త."

"రూలు తప్పొద్దు బాబూ. నీ ఉద్యోగానికి ముప్పు."

"ఏం ఫికర్ చెయ్యకమ్మా."

"మరి సిస్టం డౌన్ అన్నావుగా?"

"ఇప్పుడే లేచింది. ఈ మేడం లేపింది."

"ఆంటీ, ఎందుకలా వెనక్కి లాగుతారు? ఒక్క నిమిషం ఓపిక పట్టండి."

"పడుతున్నానమ్మా. ఓపిక నాకేం కొత్త?"

"హో గయా. చూడమ్మా, గీతలు ఫుల్లు!"

"పాత సిమ్ ఏదీ బాబూ? అదిలా ఇవ్వు."

"గదెందుకు? విరగ్గొట్టేసిన. ఇగ దాంతోని పని లేదు."

"విరిచేశావా."

"చూశారా ఆంటీ? చాయ్ తాగినంత సేపు కూడా పట్టలేదు. ఇంతకాలం దీనికోసం తిప్పారు మిమ్మల్ని. ఇంకోసారి ఇలా చేస్తే ఊరుకోకండి. ఏంటి, ఫోన్ బల్ల మీద పెట్టేశారు?"

"మోగుతోంది."

"అరె, అప్పుడే! ఎత్తండి, ఎత్తండి. మొదటి ఫోను!"

"ఆఁ అండీ… ఆఁ, బాగు చేశారండీ. ఇప్పుడే… సెంటర్లోనే ఉన్నాను… నిజంగానే సెంటర్లోనేనండీ. ఎక్కడికి వెళ్తాను?… మగవాడా? కౌంటర్ అబ్బాయండీ… అబ్బాయంటే చిన్న పిల్లాడు, కొడుకులాంటి వాడు… లేదండీ, నా పక్కన ఉన్నది ఆడపిల్ల… ఆడపిల్లేనండీ, ఒట్టు… సరే, ఇస్తాను. ఇస్తున్నాను. అమ్మా, ఒక్కసారి మాట్లాడవూ?"

"నేనా? ఎవరితో?"

"మా వారితో. నువ్వు ఆడపిల్లవని వినిపించాలి. అంతే. హలో అంటే చాలు."

"ఇదేంటి ఆంటీ?"

"అనమ్మా. నీకు పుణ్యముంటుంది. అనకపోతే ఇప్పుడే ఆటో ఎక్కి వచ్చేస్తారు."

"హలో… అవునండీ, సుమశ్రీ… స్టూడెంట్‌ని. సర్వే చేస్తున్నాను… సర్వే అంటే, అందర్నీ కొన్ని ప్రశ్నలు… ఏంటీ?… ఏం మాట్లాడుతున్నారండీ మీరు!… ఎవరికి?… ఛీ! ఛీ! తీసుకోండి ఆంటీ. నా చేతిలో ఉంటే గోడకేసి కొడతాను."

"ఆఁ అండీ… విన్నారుగా, ఆడపిల్లే… బస్సెక్కగానే చేస్తాను. ఆఁ, కండక్టర్ గొంతు వినిపిస్తానండీ… సరేనండీ."

"కండక్టర్ గొంతా?"

"టిక్కెట్ టిక్కెట్ అని అరుస్తాడుగా. అది వింటే బస్సులోనే ఉన్నానని నమ్మకం."

"మరి హాస్టల్లో?"

"ఫోను కుక్కర్ దగ్గర పెట్టమంటారు. విజిల్ వినాలి. స్నానాలగదికి వెళ్తే కుళాయి చప్పుడు వినాలి. పిల్లలు పకపకా నవ్వితే, ఎవరా నవ్వింది, దేనికి, ఒక్కొక్కళ్ళని పిలిచి మాట్లాడించు అంటారు. ఈ ఫోన్ కొనిచ్చిన రోజు హాస్టల్ పిల్లలంతా చుట్టూ మూగి, ఆంటీ, అంకుల్‌కి మీరంటే ఎంత ప్రేమో అన్నారు."

"దేవుడా."

"మాఘంలో ఓనాడు దానంతట అదే చచ్చిపోయింది. ఆయన చేస్తే లోపల ఒకావిడ పలికిందట. మీరు డయల్ చేసిన నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు అని. ఎంత మర్యాద, ఎంత నిబ్బరం! ఆ మాట నా నోటితో నేనెప్పుడైనా అనగలనా? అప్పట్నుంచి నా బదులు రోజూ ఆవిడే చెప్తోంది. నేను అయిదు వేయమన్నది ఆవిడకమ్మా."

"స్విచ్ఛాఫ్ చేసుకోవచ్చుగా ఆంటీ? ఒక్క బటన్."

"స్విచ్ఛాఫ్ అని వస్తే నేను చేసినట్టు. అందుబాటులో లేదని వస్తే కంపెనీ చేసినట్టు. కంపెనీని ఎన్ని తిట్టుకుంటే నాకేం?"

"ఆయన వేరే సిమ్ కొనేవారు కదా మరి?"

"ఈ నంబరు కూడితే తొమ్మిదొస్తుంది. ఆయనకి కలిసొచ్చే అంకెట. చచ్చినా వదలరు. ఇక్కడికొచ్చి వరసలో నిలబడటం నామోషీ. హాస్టల్ ల్యాండ్‌లైనుకి ఒకసారి చేస్తే మా ఓనరు స్వరాజ్యం గారు ఎత్తి దులిపేసింది. ఇక దాని జోలికి పోలేదు. అరిచేవాళ్ళంటే ఆయనకీ భయమే. అందుకని వారం వారం నన్నే పొమ్మంటారు. టోకెన్ చీటీ చూపిస్తే నమ్ముతారు."

"అందుకా మీరు వచ్చేది!"

"అందుకే. ఈ సోఫాలో కూర్చున్నంతసేపూ నన్ను ఎవరూ ఏమీ అడగరు. ఇవాళ నువ్వు అడిగావు."

"అజీమ్ గారూ! పాత సిమ్ మళ్ళీ పెట్టండి. ఏదో ఒకటి చేయండి."

"ఎట్ల పెట్టాలె మేడం? విరగ్గొట్టిన. సిస్టంల సుత కట్టయింది. ఇగ రాదు. అమ్మా, నాకు తెల్వలే. మాఫ్ చెయ్యమ్మా. అల్లా కసం, తెలిస్తే నీ టోకెన్ ముట్టకపోతుంటి."

"నువ్వేం చేశావు బాబూ? నీ పని చేశావు."

"ఆంటీ, నన్ను తిట్టండి. ఏదో ఒకటి అనండి. అలా చూడకండి."

"నిన్నెందుకు అంటాను? నా కోసం ఒకళ్ళు అరిచి ఎన్నాళ్ళయిందో. అది సరే గానీ, ఆయన నిన్నేమన్నారు?"

"ఏం లేదు."

"నీ మొహంలో నెత్తురు చుక్క లేదు."

"ఏం లేదు ఆంటీ. వదిలేయండి."

"మా ఆవిడకి ఎవర్ని కుదిర్చావు అన్నాడా?"

"ఆంటీ!"

"అన్నాడా, లేదా?"

"అంతకంటే… నాకు రేటెంత అని… వద్దు ఆంటీ. నా నోటితో అనలేను. ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంది."

"అనకు. అర్థమైంది. నాకు విని విని చెవులు మొద్దుబారిపోయాయమ్మా. రోజూ అదే కంపులో ఉంటే ముక్కుకి తెలియడం మానేస్తుంది చూడు, అలాగ. కానీ నీ చేతికి ఆ ఫోన్ ఇచ్చింది నేను. ఎవరి బిడ్డవో ఏమో, బస్సులో రెండు మాటలు పడటమే ఎరుగుదువేమో. నీ గొంతు వింటే ఆయన రాడు, తప్పించుకుందాం అనుకుని, ఆ పెంటంతా తీసుకొచ్చి నీ చెవిలో పోశాను. ఆయన మీద అసహ్యం ఎప్పుడో పాతబడింది. ఇవాళ నా మీద నాకే వేస్తోంది."

"మీ తప్పు కాదు ఆంటీ."

"తన్నేవాడు ఎందుకు మానేస్తాడు అన్నావు ఇందాక. నిజమే. మనల్ని తన్నినంతసేపు అది మన గొడవే అనుకుంటాం. పక్కన నిలబడ్డవాళ్ళకి తగిలేదాకా తెలీదు. స్వరాజ్యం గారు ఎన్నోసార్లు అంది. వంటింటి పక్కన గది ఖాళీగా ఉంది నాగేశ్వరీ, ఇక్కడే పడుకోరాదూ అని. మా వారు ఒప్పుకోరండీ అనేదాన్ని. నీకు ఇష్టమేనా అని ఆవిడ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు."

"ఆంటీ, మళ్ళీ మోగుతోంది."

"తెలుసు."

"ఎత్తకండి."

"అమ్మా, జర ఇటియ్యి. నేను మాట్లాడ్త. రాంగ్ నంబర్ అని చెప్త."

"వద్దు బాబూ. నా బదులు ఇంకొకళ్ళు చెప్పడం చాలు. ఆఁ… నేనే… లేదు, ఇంకా బస్సెక్కలేదు… కండక్టరూ లేడు, ఎవరూ లేరు. నేనే మాట్లాడుతున్నాను. మీ మాట నాకు బాగా వినపడుతోంది. నా మాట మీకూ వినపడుతోందిగా? అయితే వినండి. నేనింక ఇంటికి రాను."